గుండీల డబ్బా

కారంపూడి,
గురువారం, మధ్యాహ్నం.

బావా,

“ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు” అని మొదలుపెట్టి మూడు కాగితాలు చించి పారేశాను. అబద్ధం రాయడానికి ఇంకు దండగ. అత్త బాగానే ఉంది. కుట్టు మిషను బాగానే ఉంది. నేనే బాగా లేను.

పెళ్ళయిన పదకొండేళ్ళలో నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. నలభై రోజుల దాకా ఫోను ఇవ్వరు, భార్య గేటు దాటి లోపలికి రాకూడదు అని ఆ తాగుడు మాన్పించే సెంటరువాళ్ళు చెప్పినప్పుడు నేను ఎందుకని అడిగాను. “పెళ్ళాన్ని చూస్తే మగాళ్ళు ఇంటికి పోతామని ఏడుస్తారమ్మా” అన్నాడు అక్కడి మనిషి. నన్ను చూసి నువ్వు ఏడ్చేంత అదృష్టం నాకెక్కడిది అనుకుని గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చేశాను. కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా నలభై రోజుల దాకా నన్నేమీ అనలేవులే.

రాత వంకరగా ఉందని నవ్వకు. చెయ్యి నిలవడం లేదు. ఈ రెండు ముక్కలు రాసే లోపల నాలుగుసార్లు లేచి వాకిలి దాకా వెళ్ళి వచ్చాను. ఎవరూ రాలేదు. ఎవరో వస్తారని కూడా లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు.

పోయిన ఆదివారం సంగతితో మొదలుపెడతాను. మందిరంలో పాస్టరుగారు, “మందు ముట్టనని తీర్మానం చేసుకునేవాళ్ళు లేచి నిలబడండి” అన్నారు. నువ్వు లేస్తావని నేను కలలో కూడా అనుకోలేదు. లేచావు. లేచినవాడివి ఊరుకున్నావా? “అయ్యగారూ, మందు ముట్టకపోతే నా ఉద్యోగం పోద్ది. పొద్దస్తమానం పురుగుమందు డబ్బాలే గదా నేను ముట్టేది” అన్నావు. ఆడవాళ్ళ వైపు కూడా నవ్వులే నవ్వులు. పాస్టరుగారు నవ్వాపుకుని, “షాపులో మందు గాదు బెంజిమినూ, నోట్లోకి పోయే మందు సంగతి నేను చెప్పేది. నీకు తోడుగా నీ ఇంటోళ్ళు కూడా లేవాలి” అన్నారు. అత్త లేచింది. నేనూ లేచాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం నోట్లోకి పోయే మందు అన్న మాట చెవిలో గింగురుమంటూ ఉండిపోయింది.

ఎందుకంటే, బావా, నేనూ మందు వేసుకుంటున్నాను. రెండేళ్ళుగా.

రాసేశాను. ఇక చించను.

నువ్వు బండితో సహా సాగర్ కాలవలో పడ్డ రోజు నీకు గుర్తుండదు. నాకు గుర్తుంది. నిన్ను గట్టు మీద పడుకోబెట్టి కడుపు నొక్కుతుంటే నేను చూశాను. ఆ రోజు నుంచి సాయంత్రం ఏడు దాటి నీ బండి చప్పుడు వినపడకపోతే నా గుండె గొంతులోకి వచ్చేది. తర్వాత తర్వాత ఏడు కూడా అక్కర్లేకపోయింది. ఒకరోజు పట్టపగలు, లైనింగు గుడ్డలు కొనుక్కుని మాచర్ల బస్టాండులో నిలబడి ఉండగా ఊపిరి ఆగిపోయినట్టయింది. చేతులు చల్లబడిపోయాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. నీకు చెప్పకుండా నర్సరావుపేట వెళ్ళాను. గుండె పరీక్ష చేసి, “గుండె నిక్షేపంగా ఉందమ్మా, ఇది భయం జబ్బు” అంది డాక్టరమ్మ. చిన్న తెల్ల బిళ్ళ రాసింది. రోజుకొకటి, రెండు వారాలకే. అయిపోగానే రమ్మంది. తనకు చూపించకుండా మళ్ళీ కొనవద్దంది.

మొదటి బిళ్ళ వేసుకున్న రోజు నా భుజాలు కిందికి దిగాయి బావా. అవి అన్నేళ్ళుగా పైకి బిగుసుకుని ఉన్నాయని అప్పటిదాకా నాకే తెలియదు. ఏడయింది, ఎనిమిదయింది, నువ్వు రాలేదు, నేను కుట్టుకుంటూనే ఉన్నాను. ఇంత హాయి దొరికాక మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఆపేయమంటుందేమోనని వెళ్ళలేదు. అదే చీటీ పట్టుకుని తిరిగాను. గురజాలలో ఒక షాపు, మాచర్లలో ఒక షాపు. ఎవరూ తారీఖు చూడలేదు. మడతలు పెట్టి పెట్టి చీటీ నాలుగు ముక్కలైతే టేపు అంటించాను. బిళ్ళల షీట్లు గుండీల డబ్బాలో, అడుగున దాచేదాన్ని. చెబితే ఏమనుకుంటారు? మందిరంలో నా పేరు చెప్పి “ఆ పిల్ల విశ్వాసం చూడండి, అట్లాంటి మొగుణ్ణి ఎట్లా ఓర్చుకుంటుందో” అనేవాళ్ళు. ఆ విశ్వాసం డబ్బాలో గుండీల కింద ఉందని ఎట్లా చెప్పను?

ఇంకొక భయం కూడా ఉంది. పది రోజులు రావలసిన షీటు ఏడు రోజులకే ఖాళీ అయ్యేది. పోయిన మిరపకాయల కాలం నుంచీ అంతే. రోజుకొకటే వేసుకున్నానని నాకు గుర్తు. షీటు చూస్తే రెండు గుంటలు చిరిగి ఉండేవి. వేసుకున్నది మరిచిపోయి మళ్ళీ వేసుకుంటున్నానన్నమాట. ఒకసారి నిన్ను అడిగాను, “బావా, నాకు మతి తప్పుతోందా?” అని. “ఉంటే గదే తప్పడానికి” అన్నావు. నవ్వాను. ఆ రోజంతా పొయ్యి కట్టేశానా లేదా అని పదిసార్లు చూసుకున్నాను.

నిన్ను సోమవారం సెంటరులో దించి వస్తూ, కాలవ వంతెన దగ్గర బస్సు దిగి, పొద్దునే డబ్బాలోంచి తీసి సంచిలో వేసుకున్న షీట్లన్నీ నీళ్ళలో వేసేశాను. నువ్వు మానితే నేను మానలేనా? రెండో రోజు నుంచి నిద్ర లేదు. ఒంటి మీద చీమలు పాకుతున్నట్టుంది. మిషను చప్పుడు తలలో సుత్తిలా పడుతోంది. మన మందిరం కిరణ్ కుమార్ వాళ్ళింటి పెళ్ళికూతురి జాకెట్టు చేతులు ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు కుట్టేశాను.

ఈ పొద్దున నిద్ర పట్టడానికి ఏమైనా ఇస్తాడేమోనని మన వీధి చివర మందుల షాపు దావూద్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. నా చేతులు చూసి, “ఏం బిళ్ళలు ఏసుకుంటన్నావు చెల్లెమ్మా?” అన్నాడు. ఎందుకో ఆయనకు చెప్పాను. ఆయన మొహం మారిపోయింది. “రెండేళ్ళు ఏసుకుని ఒక్కసారే ఆపినావా? అది అట్టా ఆపే బిళ్ళ గాదు. ఫిట్సు వచ్చిద్ది. నాకాడ చీటీ లేకుండా ఇయ్యను, నువ్వు ఇప్పుడే నర్సరావుపేట బస్సెక్కు. నేను ఫోన్ చేసి చెప్తా” అన్నాడు. “మందు మానతానంటే మానొద్దనే అంగడాయన్ని నిన్నే చూశా” అని నలుగురిలో అరిచి వచ్చాను. ఆయన అంగడి మెట్లు దిగి నా వెనకాల వీధి మలుపు దాకా వచ్చాడు, “చెల్లెమ్మా, నా మాట ఇను” అంటూ.

నేను వినలేదు. పెళ్ళి జాకెట్టు రేపటికి ఇవ్వాలి. నువ్వు నలభై రోజులు ఓర్చుకుంటుంటే నాలుగు రోజులకే నేను ఓడిపోవాలా? అత్తకు చెప్పకు. ఎవరికీ చెప్పకు. నీకు మాత్రం తెలిసి ఉండాలనిపించింది.

నీ,
జాస్మిన్


నర్సరావుపేట, ఆసుపత్రి,
సోమవారం.

బావా,

కంగారు పడకు, నేను బతికే ఉన్నాను, రాస్తున్నది నేనే. ఈ ఉత్తరం నీ తమ్ముడు బాబూరావు చేతికిచ్చి పంపుతున్నాను. పోస్టులో వేసేంత ఓపిక నాకు లేదు, నిదానం అసలే లేదు.

శుక్రవారం మధ్యాహ్నం పెళ్ళి జాకెట్టు చేతుల కుట్లు కత్తెరతో తెంపుతున్నాను. కత్తెర చేతిలో ఉందని గుర్తుంది. ఆ తర్వాతిది అత్త చెబితే తెలిసింది. కింద పడి కొట్టుకున్నానట. కళ్ళు తేలేశానట. అత్త నా చేతిలో తాళాలగుత్తి పెట్టి, కీర్తన పాడుతూ, మధ్యమధ్య బాబూరావును కేకలేస్తూ కూర్చుందట. తాళాలు పెడితే ఫిట్సు ఆగవట, పక్కకు తిప్పి పడుకోబెట్టాలట, డాక్టరమ్మ తర్వాత చెప్పింది. పక్కకు తిప్పింది దావూద్ భాయ్. అరుపులు విని అంగడి వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. కత్తెర నా చెయ్యి కింద నుంచి తీసింది కూడా ఆయనే. ముందురోజే నాతో నలుగురిలో తిట్టించుకున్న మనిషి. బాబూరావు ఆటోలో వేసుకుని బయలుదేరితే నకరికల్లు దాటాక నాకు తెలివొచ్చింది. ఆటో కదులుతుంటే బిళ్ళల సంగతి డాక్టరుకు చెప్పమని దావూద్ భాయ్ అరిచాడట, అత్త కీర్తనలో అది ఎవరికీ వినపడలేదు.

ఇక్కడికి వచ్చాక జరిగింది విను. అప్పుడు చీటీ రాసిన డాక్టరమ్మే ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. అత్తను అడిగింది, “ఈ అమ్మాయి ఏమైనా మందులు వాడుతోందా?” అని. మీ అమ్మ సంగతి నీకు తెలుసుగా. ఛాతీ విరుచుకుని, “మా ఇంట్లో ఎవరం మందు ముట్టమమ్మా. మొన్న ఆదివారమే మందిరంలో లేచి నిలబడినాం. నా కోడలు బంగారం” అంది. డాక్టరమ్మ ‘మందులు లేవు’ అని రాసుకుంది. తలకు స్కాను రాయబోతోంది. మెదడులో ఏదో ఉందేమో గుంటూరు తీసుకెళ్ళాల్సి వస్తుందేమో అంటోంది.

నేను మంచం మీద పడుకుని అంతా వింటున్నాను. ఒక్క మాట చెబితే చాలు. కానీ అత్త నా తల నిమురుతూ ఉంది. నా కోడలు బంగారం అన్న నోటితోనే పిచ్చి బిళ్ళలు మింగేదని అంటుందేమో. కళ్ళు మూసుకుని పడుకుంటే స్కాను తీస్తారు, ఏమీ లేదంటారు, ఇంటికి పంపిస్తారు, పరువు దక్కుతుంది. మళ్ళీ ఫిట్సు వస్తే? కత్తెర ఈసారి ఎక్కడ గుచ్చుకుంటుందో? నిజం చెబుతున్నాను బావా, చావు కంటే ఆ గదిలో నోరు తెరవడమే నాకు కష్టంగా ఉండింది.

“అమ్మా, నాకు చీటీ రాసింది మీరే. రెండేళ్ళ నుంచి అదే బిళ్ళ. సోమవారం మానేశాను” అన్నాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. “రెండు వారాలకు రమ్మన్నాను, రెండేళ్ళకు వచ్చావా?” అంది.

అత్త చెయ్యి నా తల మీద ఆగిపోయింది. నేను కళ్ళు తెరవలేదు. అత్త చాలా చిన్న గొంతుతో, “డాక్టరమ్మా, నేను కూడా ఆదివారం నుంచి బీపీ బిళ్ళ మానేశా. అదీ నోట్లోకి పోయే మందే గందా” అంది.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. డాక్టరమ్మ నుదురు కొట్టుకుని ముందు అత్తకు బీపీ చూసింది. ఆ అంకె విని నర్సు రెండోసారి చూసింది. ఇప్పుడు నా పక్క మంచం మీద మీ అమ్మ ఉంది. ఇద్దరికీ ఒకే గిన్నెలో ఇడ్లీలు.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం, “నా కొడుకు తాగొస్తే నేను దుప్పటి ముసుగెట్టి పడుకునేదాన్ని. నువ్వు బిళ్ళ ఏసుకుని కూర్చునేదానివి. ఇద్దరం ఒకే దడ పడ్డాం, ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలా” అంది.

డాక్టరమ్మ తిట్టింది, తర్వాత కూర్చుని చెప్పింది. ఆ బిళ్ళ చెడ్డది కాదట, కొన్నాళ్ళకైతే మంచిదే. రోజూ వేసుకుంటే నెల తిరక్కముందే ఒళ్ళు దానికి అలవాటు పడుతుందట. అలవాటు పడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే అది తిరగబడుతుందట. నాకు వెంటనే అర్థమైంది. కుట్టు విప్పాలంటే ఒక్కొక్క పోగే తెంపాలి, ఒక్క గుంజు గుంజితే గుడ్డ చిరుగుతుంది. నేను గుంజాను. ఇప్పుడు మళ్ళీ బిళ్ళ మొదలుపెట్టి, రెండు మూడు వారాలకొకసారి కొంచెం కొంచెం తగ్గిస్తుందట. నెలలు పడుతుందట. నా అంతట నేను పెంచకూడదు, తగ్గించకూడదు. ఒక్క డాక్టరు, ఒక్క షాపు. వేసుకుని మత్తుగా ఉంటే మిషను ఎక్కకూడదు. ఇంకెవరికీ ఇవ్వకూడదు, ఇంకెవరి దగ్గరా తీసుకోకూడదు. భయానికి వేరే వైద్యం ఉందట, మాట్లాడించేవాళ్ళు ఉన్నారట, వారానికోసారి రమ్మంది. అన్నిటికీ తల ఊపాను.

తల ఊపలేనిది ఒక్కటే. “రోజుకు ఎన్ని వేసుకునేదానివి?” అని అడిగింది. ఒకటి అన్నాను. దావూద్ భాయ్ గురజాల షాపుకూ మాచర్ల షాపుకూ ఫోన్లు చేసి, నేను ఎన్ని కొన్నానో కనుక్కుని పంపించాడు. రోజుకొకటి లెక్క కుదరడం లేదు. “ఎన్ని వేసుకున్నావో సరిగ్గా తెలిస్తేనే ఎక్కడి నుంచి దించాలో తెలుస్తుంది. తక్కువ అనుకుంటే మళ్ళీ ఫిట్సు వస్తాయి. ఎక్కువ అనుకుంటే మత్తులో పడతావు. సిగ్గుపడకుండా చెప్పమ్మా” అంది. సిగ్గు కాదు బావా, నాకు నిజంగా తెలియదు. వేసుకున్నది గుర్తుండని మనిషికి రేపు బిళ్ళలు చేతికిచ్చి ఇంటికి పంపితే ఎట్లా? మరుపు జబ్బు ఉందేమో పరీక్ష చేయిస్తానంది.

మందిరం ముందు పరువు పోయినా ఓర్చుకుంటాను. నా బుర్ర మీద నాకు నమ్మకం పోతే ఎట్లా ఓర్చుకోను? ఎక్కడ ఉంచిన సూది అక్కడ చీకట్లో కూడా తీయగలదాన్ని. ఇప్పుడు చేతిలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, తాగానా, తాగబోతున్నానా అని చూసుకుంటున్నాను.

జవాబు రాయి. ఏదో ఒకటి రాయి.

జాస్మిన్


గుంటూరు,
మంగళవారం.

ఏమే జాస్మినూ,

బాబూరావు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను రాసి ఇచ్చేదాకా కదలనంటున్నాడు. ఇది రాయడానికి నాకు ఒక గంట పట్టింది, అందులో ముప్పావు గంట ఊరికే కూర్చున్నాను.

నీకు మరుపు లేదు. నీ బుర్రకు ఏమీ కాలేదు. నువ్వు రోజుకొకటే వేసుకున్నావు. మిగతావి వేసుకుంది నేను.

పోయిన మిరపకాయల కాలంలో, చిల్లర కోసం గుండీల డబ్బాలో చెయ్యి పెట్టాను. అడుగున బిళ్ళలు తగిలాయి. తలనొప్పి బిళ్ళలేమో అనుకుని ఒకటి మింగాను. నీకు తెలుసు కదా, పొద్దున షాపు తెరిచేసరికి నా చేతులు వణికేవి, డబ్బా మూత తీస్తే మందు సగం నేల మీదే పోసేవాణ్ణి. ఆ రోజు వణకలేదు. ఓనరు కూడా “ఇయ్యాల మనిషిలాగా ఉండావే” అన్నాడు. ఇక అంతే. రెండు రోజులకొకటి, ఒక్కోసారి రోజూ. సాయంత్రం మళ్ళీ దాని మీద తాగేవాణ్ణి.

ఇంకా అసలుది రాయలేదు. నువ్వు లెక్కపెట్టుకుంటావని తెలిసే, షీటులో నువ్వు ఆపిన చోటు చూసి దాని పక్కదే తీసేవాణ్ణి. నువ్వే వేసుకుని మరిచిపోయావు అనుకోవాలని. నాకు మతి తప్పుతోందా బావా అని నువ్వు అడిగిన రోజు, ఆ బిళ్ళ నా నాలుక కింద ఉంది. నోరు తెరిచి సరిగ్గా మాట్లాడలేక ఏదో వెటకారమాడి బయటికి పోయాను. నువ్వు నవ్వావు. నీ నవ్వు చూసి నేను బతికిపోయాననుకున్నాను.

ఇక్కడ చేరిన రోజు డాక్టరు గారు అడిగారు, “తాగుడు కాకుండా ఇంకేమైనా వాడుతున్నావా?” అని. లేదన్నాను. మూడో రోజు, నాలుగో రోజు నాకు ఒళ్ళు తెలియలేదు. మామూలుగా ఇంత ఉండకూడదే అని వాళ్ళు తలలు పట్టుకున్నారు. శనివారం నీ మొదటి ఉత్తరం వచ్చింది. చదివి మడిచి దిండు కింద పెట్టుకున్నాను. దావూద్ భాయ్ ఫిట్సు వస్తాయన్న ముక్క నాలుగుసార్లు చదివాను, అయినా తేలు కుట్టిన దొంగలా రెండు రోజులు కిక్కురుమనలేదు. అప్పటికే నీకు ఫిట్సు వచ్చిందని నాకు తెలియదు, కానీ రాకపోయినా నేను చెప్పేవాణ్ణి కాదేమో. అది నిజం. నిన్న సాయంత్రం నీ రెండో ఉత్తరం చదివాక నోరు తెరిచాను.

డాక్టరు గారు కొట్టినా బాగుండేది. “ఆ బిళ్ళా సారా కడుపులో కలిస్తే మనిషి నిద్రలోనే ఊపిరి తీసుకోవడం మరిచిపోతాడు. నువ్వు ఇంతకాలం ఎట్లా లేచావో నాకర్థం కావట్లేదు” అన్నారు. మీ డాక్టరమ్మకు వెంటనే ఫోను చేసి లెక్క చెప్పారు. నీకు కూడా ఆమెతోనే చెప్పిస్తానన్నారు. వద్దన్నాను. ఇది నా రాతలోనే నువ్వు చూడాలి.

నువ్వు కాలవలో పారేసిన బిళ్ళల కోసం నేను ఇల్లంతా వెతికేవాణ్ణని కూడా రాస్తున్నాను. ఇక్కడికి రాకపోయి ఉంటే ఆ డబ్బాలో చెయ్యి పెట్టేవాణ్ణి. ఏమీ దొరక్కపోతే నీ మీద అరిచేవాణ్ణి.

క్షమించమని రాయను. ఆ మాట నీతో చానాసార్లు అన్నాను, అది అరిగిపోయింది.

బెంజిమిన్


కారంపూడి,
బుధవారం.

బావా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు వారాలు దాటింది. జవాబు రాయనిది చెయ్యి వణికి కాదు. ఇప్పుడు చెయ్యి బాగానే ఉంది, రాత చూడు. కోపంతో రాయలేదు.

ముందు నీ ఉత్తరం చదవగానే ఎగిరి గంతేసినంత పనైంది. నాకు మతి తప్పలేదు! పక్క మంచం మీద అత్తను లేపి, “అత్తా, నేను బాగానే ఉన్నా, నేను బాగానే ఉన్నా” అన్నాను. తర్వాత మిగతాది చదివాను. నువ్వు తాగావు, ఓర్చుకున్నాను. కాలవలో పడ్డావు, ఓర్చుకున్నాను. నా మనసును నాకే దొంగను చేశావు చూడు, అది ఓర్చుకోలేకపోయాను. ఇంటికి రాగానే బీరువా తీసి, నీ తెల్ల చొక్కా, మందిరానికి వేసుకునేది, దాని గుండీలన్నీ కత్తెరతో తెగ్గొట్టాను. ముందు ఆరు, చేతులకు రెండు. చొక్కానే ముక్కలు చేద్దామనుకున్నాను. గుడ్డ మంచిది, మనసొప్పలేదు.

అత్త గుమ్మంలో నిలబడి చూసింది. “ప్యాంటు కూడా ఉండాదే” అంది. నవ్వొచ్చి చచ్చాను. కోపంలో నవ్వితే ఏడుపొస్తుందని ఆ రోజు తెలిసింది.

నా సంగతులు చెబుతాను. నువ్వు లెక్క చెప్పినందువల్ల డాక్టరమ్మ ఒక్క బిళ్ళ నుంచే మొదలుపెట్టింది. ఇప్పుడు ముప్పావుకు వచ్చాను. మొదట గుడ్డలు కోసే బ్లేడుతో కోస్తే ముక్కలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది వచ్చేవి. దావూద్ భాయ్ బిళ్ళలు కోసే చిన్న పెట్టె ఇచ్చాడు. ఆయనకు జాకెట్టు కుట్టి ఇవ్వలేను కదా, వాళ్ళమ్మాయికి కుట్టి ఇచ్చాను. బిళ్ళలు అత్త చెక్కపెట్టెలో ఉంటాయి, తాళం ఆమె బొడ్లో. పొద్దున ఆమె తన బీపీ బిళ్ళ, నేను నా ముప్పావు, ఎదురెదురుగా కూర్చుని వేసుకుని, క్యాలెండరులో గీత గీస్తాం. నేను నోరు తెరిచి చూపించాలి. తర్వాత ఆమె కూడా తెరిచి చూపిస్తుంది.

తగ్గించిన వారం కష్టంగానే ఉంటుంది. వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంటాను. నువ్వు ఊళ్ళోనే లేవని తెలిసి కూడా ఏడయితే గుండె దడ మొదలవుతుంది. మాట్లాడించే అమ్మాయి, ఆ దడ వచ్చినప్పుడు పారిపోకుండా కూర్చోమంది, అది అలలాగా వచ్చి పోతుందంది. కూర్చుంటున్నాను. కొన్నిసార్లు పోతుంది. కొన్నిసార్లు లేచి వీధి చివర దాకా నడిచి వస్తున్నాను. నీకు అబద్ధం రాయను.

మందిరంలో ఏం జరిగిందో నువ్వు వినాలి. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారం సాక్ష్యం చెప్పమంటే అత్త లేచి, “అయ్యగారూ, నోట్లోకి పోయే మందు అన్నారు తమరు. నా బీపీ బిళ్ళ కూడా నోట్లోకే పోద్ది. తమరి మాట ఇని ఇద్దరం ఆసుపత్రి పాలయినాం” అంది. పాస్టరుగారి మొహం చూడాలి. పాపం, మంచి మనిషి. అక్కడికక్కడే, “నాదే తప్పమ్మా. డాక్టరు రాసింది డాక్టరు చెప్పినట్టు ఏసుకోవాలి, డాక్టరు చెప్తేనే ఆపాలి. సీసా సంగతి వేరు” అన్నారు. ఆ వారంలో ముగ్గురు ఆడవాళ్ళు జాకెట్టు కొలతలని నా దగ్గరికి వచ్చారు. టేపు నడుముకు చుట్టానో లేదో, కొంగులో ముడేసుకున్న బిళ్ళలు తీసి చూపించారు. ముగ్గురినీ నర్సరావుపేట బస్సెక్కించాను. అందరికీ నేను బంగారం కోడల్ని కాదని తెలిసిపోయింది. ఇప్పుడు మెడ తేలిగ్గా ఉంది.

ఇక నీ సంగతి. నలభై రోజులు అయిపోవస్తున్నాయి, ఈ ఆదివారం భార్యలు రావచ్చని సెంటరు నుంచి ఫోను వచ్చింది. రెండు రోజులు ఆలోచించాను. రాకూడదనే ఎక్కువసేపు అనుకున్నాను. నువ్వు నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నేను ఎన్ని వేసుకున్నానో తెలియక డాక్టరమ్మ తడుముకునేది, నేను నా బుర్రను అనుమానించుకుంటూ బతికేదాన్ని. రెండు రోజులు ఆలస్యంగానైనా నీ చేత్తో రాశావు. ఆ రెండు రోజులకు నిన్ను క్షమించలేదు. రాసినందుకు వస్తున్నాను.

తెల్ల చొక్కా తెస్తాను. గుండీలు కుట్టలేదు. గుండీల డబ్బా కూడా తెస్తాను. నువ్వు నా ముందు కూర్చుని, మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, ఎనిమిది తెల్ల గుండీలు నీ చేత్తో ఏరి ఇవ్వు. వణికినా ఫర్వాలేదు, నేను తొందరపెట్టను. అక్కడే కూర్చుని కుట్టి ఇస్తాను.

అడుగుదాకా వెతుక్కో. అందులో ఇప్పుడు గుండీలే ఉన్నాయి.

నీ,
జాస్మిన్